కడగని సీసాలు

జూన్ 4, శనివారం

ఈ వారమూ కుదరలేదు.

బిస్కెట్ల సంగతి కాదు, ఆ మెత్తటి చిన్న రొట్టెలు బ్రహ్మాండంగా పొంగాయి. చేత్తో చీలిస్తే పొరలు పొరలుగా విడిపోయి ఆవిరి కక్కాయి. గొడవంతా కోడి ముక్కతోనే, గ్రేవీతోనే. నిన్ననే ముక్కల్ని మజ్జిగలో వేసి ఉంచాను. ఉప్పు, మిరియాలు, చిటికెడు కారం. పొద్దున పిండిలో దొర్లించి, పంది కొవ్వు బాగా కాగాక ఇనుప మూకుట్లో వేయించాను. ముక్కలు తీసేశాక అడుగున మిగిలిన ఎర్రటి పొడిలోనే పిండి చల్లి, కలిపి, పాలు పోసి గ్రేవీ చిక్కబరిచాను. బిస్కెట్ చీల్చి, మధ్యలో ముక్క పెట్టి, పైన గ్రేవీ పోసి మా ఆయన రాయిస్ ముందు పెట్టాను. అంతా అత్తగారు చెప్పినట్టే. ఆవిడ ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఏళ్ళ తరబడి చెప్పినట్టే, ఒక్క ముక్క తప్పకుండా.

రాయిస్ తిన్నాడు. "బాగుంది" అన్నాడు, కిటికీ బయటికి చూస్తూ. ఆ తర్వాత ఏమంటాడో నాకు కంఠతా వచ్చు. "అమ్మది వేరనుకో."

ఏప్రిల్లో ఆవిడని పూడ్చిపెట్టాం. ఇప్పటికీ ఈ వంటింట్లో నా పక్కనే నిలబడి నా చేతుల వైపు చూసి తల ఆడిస్తున్నట్టే ఉంటుంది. "నీ చెయ్యి అంతే నెల్డా. కొందరి చేతికి వస్తుంది, కొందరికి రాదు. దానికి బాధపడకు" అనేది. బాధపడకు అని చెప్పడానికే ఆ మాట అనేదనుకునేదాన్ని.

నా చేతికేమైంది? బడి వంటశాలలో రోజూ మూడొందల మంది పిల్లలకి వండుతాను. ఒక్కడూ పళ్ళెంలో మిగల్చడు.

జూన్ 12, ఆదివారం

ప్రార్థన అయ్యాక మిస్ వెస్టా నన్ను చర్చి మెట్ల దగ్గర పట్టుకుంది. ఆవిడకి తొంభై దగ్గర పడుతున్నాయి, కానీ తిండి విషయంలో చెవులూ కళ్ళూ రెండూ పనిచేస్తాయి. ఆగస్టు భోజనాలకి ఒలీటా, అంటే మా అత్తగారి, చోట్లో ఏం పెడతారని అడిగింది. ఆగస్టు రెండో ఆదివారం చర్చి చెట్ల కింద పెద్ద బల్లలు వేస్తారు, ఊరు విడిచిపోయిన వాళ్ళంతా వస్తారు. చేతిపంపు వైపున్న బల్ల చివర అత్తగారిది. మంచం పట్టేదాకా యాభై ఏళ్ళు ఆ చోట ఆవిడ కోడి బిస్కెట్లు తప్ప ఇంకేమీ ఎవరూ పెట్టలేదు; ఆ తర్వాత నాలుగేళ్ళూ అది ఖాళీగానే ఉంది.

"నేను తెస్తున్నానండీ" అన్నాను.

మిస్ వెస్టా నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "మంచిదమ్మాయ్. ప్రయత్నించు" అంది.

ప్రయత్నించాలట. నాలుగేళ్ళు ఒలీటా స్ట్రిక్లండ్‌కి స్నానం చేయించింది నేను. పక్షవాతం వచ్చాక నోట్లో ముద్ద పెట్టింది నేను. ఆవిడ పళ్ళెం ఆ బల్ల మీద పెట్టే హక్కు నాకు కాక ఇంకెవరికుంది? ఉత్తరాన కొండల్లోంచి వచ్చిన సాక్సులు నేసే మిల్లు ఊరి పిల్లనే, ఒప్పుకుంటాను. మా అమ్మ డబ్బాలో దొరికే బిస్కెట్లు కాల్చి పెట్టేది, అదీ ఒప్పుకుంటాను. కానీ ఈ ఇంటికొచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఇంకా ఎన్నాళ్ళుంటే ఈ ఇంటిదాన్నవుతాను?

ఆ బల్ల మీద ఒక్కసారి ఆ రుచి పెడితే చాలు. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

జూన్ 18, శనివారం

మిరియాలు ఎక్కువ వేసి చూశాను. అది కాదు.

జూన్ 25, శనివారం

మజ్జిగలో గుడ్డు కొట్టి చూశాను. అదీ కాదు. రాయిస్ రెండు తిని, గ్యాసు బండి నడపడానికి బలం కావాలిగా అని నవ్వాడు. పాపం, నా మనసు కష్టపెట్టకూడదని చూస్తాడు. ఆ మాత్రం మగాడు ఈ ఊళ్ళో ఎంతమందికి దొరుకుతాడు?

మొన్న చలికాలం ఇలాగే ముక్కలు వేయిస్తుంటే అత్తగారు చక్రాల కుర్చీలో ఇక్కడే ఉంది. అప్పటికే మాట పోయింది, ఏదో ఒక్కో ముక్క వచ్చేది. పనిచేసే చేత్తో నా మణికట్టు పట్టుకుని, ఫ్రిజ్ వైపు చూపించి "పొయ్యి, పొయ్యి" అంది. నాకర్థం కాలేదు. రాయిస్ కాఫీ తాగుతున్నాడు. "పాలు పొయ్యమంటోంది నెల్డా, దాహమేస్తున్నట్టుంది" అన్నాడు. గ్లాసులో పోసి నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంది. పాలన్నీ ఒళ్ళో ఒలికాయి. చివరిదాకా నా చేతి పాలు కూడా గిట్టలేదు ఆవిడకి. ఆ రోజు మరుగుదొడ్లోకి పోయి ఏడ్చాను.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

జూలై 9, శనివారం

పీచ్ పళ్ళు వచ్చాయి. నాలుగు గంపలు రాయిస్ లోపల పెట్టి, వాసన చూసి, వెళ్ళిపోయాడు.

ప్రతి జూలై అత్తగారూ నేనూ కలిసి చేసేవాళ్ళం, మంచం పట్టాక కూడా ఆవిడ పక్కన కూర్చునేది. ఈసారి ఒక్కదాన్నే. వేడి నీళ్ళలో ముంచి తొక్క ఒలవడం, ఒక్కో పండుకి లవంగాలు గుచ్చడం, వెనిగరూ చక్కెరా దాల్చినచెక్కా కాచి సీసాల్లో నింపడం. సాయంత్రానికి వేళ్ళు చిట్లి వెనిగర్ మండింది. ఈ వాసన వారం దాకా చేతుల్ని వదలదు. చిన్నప్పుడు నా కొడుకు ఈ చేతులు పట్టుకుని అమ్మా, నీ దగ్గర జూలై వాసనొస్తోంది అనేవాడు.

నా ఆడపడుచు వైలీన్ ఏనాడూ ఈ పనిలో చెయ్యి పెట్టలేదు. పీచ్ నూగు తగిలితే దద్దుర్లు ఆవిడకి. పండు కూడా తినదు. మాంట్గోమరీలో పెద్ద ఇంట్లో ఉంటుంది, అమ్మ మంచం పట్టిన నాలుగేళ్ళలో క్రిస్మస్‌కి మాత్రం వచ్చింది, పూలు పట్టుకుని.

జూలై 10, ఆదివారం

అనుకోగానే వైలీన్ ఫోను. పీచ్ ఊరగాయ పెట్టావా వదినా, నాకో అరడజను సీసాలు ఉంచు అంది. పళ్ళు తినవుగా అంటే, పిల్లలు తింటారంది. పిల్లలు టెక్సాస్‌లో ఉన్నారు. అమ్మ గుర్తుగా అడుగుతోంది కాబోలు, సరే అన్నాను. ఎంతైనా కన్న తల్లి.

"ఖాళీ అయిన సీసాలుంటే అవీ పంపు. కడగొద్దులే, నేను కడుక్కుంటా" అంది.

వీళ్ళింట్లో ఇదో వాడుక. పళ్ళు అయిపోయాక సీసా అడుగున ఊట మిగిలి ఉంటుందా, దాన్ని పారబోసి కడగబోతే రాయిస్ ఆపేవాడు. "నీకెందుకు శ్రమ, అమ్మ కడుక్కుంటుందిలే" అని మూత పెట్టి పట్టుకుపోయేవాడు. మంచం పట్టకముందు అత్తగారికి వేరే వంటిల్లుండేది, అక్కడి ఫ్రిజ్‌లో కింది అరలో ఎప్పుడూ రెండు మూడు ఊట సీసాలుండేవి. ఏమిటివి అంటే కడుపుమంటకి మందు అనేది. ఆవిడ మంచం పట్టాక సీసాలు వైలీన్‌కి వెళ్తున్నాయి. నాకు శ్రమ తగ్గించాలని చూస్తారు. ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి.

జూలై 16, శనివారం

రాయిస్ సీసాలు తీసుకుని వైలీన్ ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంటి కప్పు కారుతోందట. నెలకోసారి కారుతుంది ఆ కప్పు. నేనూ వస్తానంటే, ఎండలో నీకెందుకన్నాడు. తిరిగొచ్చాక రాత్రి భోజనం వద్దన్నాడు, కడుపు నిండుగా ఉందట.

ఏం తిన్నావు అంటే "ఏదో, శాండ్‌విచ్" అన్నాడు.

ఆగస్టు 13, శనివారం

రేపే. నలభై బిస్కెట్లకి పిండి కొలిచి పెట్టాను, ముక్కలు మజ్జిగలో పడుకున్నాయి. అత్తగారి పెద్ద నీలం పళ్ళెం తుడిచాను. అడుగున టేపు మీద ఆవిడ పేరు ఇంకా ఉంది. పీకి నా పేరు అంటించాలని గోరు పెట్టాను, మనసొప్పలేదు. ఉండనీ. ఆవిడ పేరుతోనే పెడతాను.

వైలీన్ వస్తోందా అని అడిగితే రాయిస్ ఏమో అన్నాడు.

ఆగస్టు 14, ఆదివారం

రాయలేను.

ఆగస్టు 15, సోమవారం

రాస్తాను. ఎవరితో చెప్పుకుంటాను మరి?

పంపు వైపు బల్ల చివర నీలం పళ్ళెం పెట్టాను. జనం వచ్చి చూసి, నవ్వి, వీపు తట్టారు. పాస్టరు గారు దీవెన చెప్పబోతుండగా వైలీన్ కారు వచ్చింది. మొక్కజొన్న రంగు గౌను, చేతిలో రెండు ట్రేలు, వాటి మీద అత్తగారి గళ్ళ తువ్వాలు. ఆ తువ్వాలు ఏప్రిల్లో ఇల్లంతా వెతికాను నేను. తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "కాస్త జరుపుకుంటాను వదినా" అని నా పళ్ళేన్ని మోచేత్తో పచ్చిచిక్కుళ్ళ పక్కకి నెట్టి తన ట్రేలు పెట్టింది.

మొదటి ముక్క మిస్ వెస్టాది. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఒలీటా వచ్చింది" అంది. అంతే, జనం వరస కట్టారు. నా పళ్ళెం చుట్టూ ఈగలు ముసిరాయి.

నేనూ ఒకటి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానా అనుకుంటున్నాను ఇప్పుడు, కానీ తినకపోతే ఇంకో పదేళ్ళు నా చేతినే తిట్టుకుంటూ బతికేసేదాన్ని.

కరకరలాడే పైపొర, కింద తియ్యటి పులుపు, గ్రేవీలో నాలుక చివర ఎక్కడో లవంగం. ఇరవై ఆరేళ్ళుగా నాకు అందని రుచి. అది నా చేతుల వాసన. జూలైలో వారం రోజులు నా వేళ్ళని వదలని వాసన. పీచ్ ఊట. మజ్జిగలో పోసేది అదే. గ్రేవీలో చివరన ఒక చెంచా పోసేది అదే. నేను తొక్కలొలిచి, వేళ్ళు చిట్లి, లవంగాలు గుచ్చి, కాచి, నింపి, మూత బిగించి, నా మొగుడి చేతికిచ్చి పంపించిన ఊట.

తలెత్తి రాయిస్ కోసం చూశాను. చెట్టు కింద నిలబడి తింటున్నాడు. పళ్ళెంలో మూడున్నాయి, మూడూ వైలీన్‌వే. నేను చూస్తున్నానని తెలిసి చెవులు ఎర్రబడ్డాయి, తల మాత్రం ఎత్తలేదు.

తిరుగు దారిలో నీలం పళ్ళెం నా ఒళ్ళోనే ఉంది, నిండుగా.

"ఊటే కదూ" అన్నాను.

"ఏ ఊట?" అన్నాడు. పెకాన్ చెట్ల తోట దాటాం. అప్పుడు, "చిన్నప్పట్నుంచీ తెలుసు. పెళ్ళికి ముందురోజు అమ్మ ఒట్టేయించుకుంది. కోడళ్ళు వస్తారు పోతారు, ఇది మాత్రం మన రక్తంలోనే ఉండాలంది" అన్నాడు.

"నేనెక్కడికి పోయాను రాయిస్?"

"ఒక్క కోడి ముక్క గురించి ఇంత రాద్ధాంతమా నెల్డా" అన్నాడు.

ఇల్లొచ్చాక పళ్ళెం మొత్తం కుక్కకి పెట్టాను. అది మాత్రం వంక పెట్టకుండా తిన్నది.

ఆగస్టు 16, మంగళవారం

నాకు కోపమేమీ లేదు. ఒక్క కోడి ముక్కేగా.

ఆగస్టు 17, బుధవారం

కోపం లేదు.

కానీ ఒకటి. ప్రతి శనివారం నేను వండి పెట్టి, ఇతని మొహం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఏం తక్కువైందో చెప్పమని బతిమాలేదాన్ని. తలుచుకుంటే సిగ్గేస్తోంది, ఒకసారి ఏడ్చాను కూడా, పిండి చేతులతోనే. అప్పుడు ఇతను నా భుజం నిమిరి "వదిలెయ్ నెల్డా, నీ చెయ్యి అంతే" అన్నాడు. తెలిసీ అన్నాడు. జేబులో తాళంచెవి పెట్టుకుని, తలుపు తియ్యలేక చచ్చిపోతున్న నన్ను చూసి జాలిపడ్డాడు.

వైలీన్ ఇంటి కప్పు కారడం లేదని కూడా ఇప్పుడు తెలుస్తోంది. నెలకోసారి అక్కడికెళ్ళి అమ్మ రుచి తినొచ్చి, నా భోజనం వద్దనేవాడు. ఇంకో ఆడదాని కోసం వెళ్ళినా ఇంత మండేది కాదేమో. అలాంటిదైతే ఏం చెయ్యాలో కనీసం లోకానికి తెలుసు. దీనికి ఎవరి దగ్గరికి పోయి మొరపెట్టుకోను? బిస్కెట్ గురించి ఏడుస్తోందని నవ్వుతారు.

ఆగస్టు 20, శనివారం

రాయిస్ బండి మీద వెళ్ళాక చేశాను. పోయినేటి సీసా ఒకటి అర వెనకాల ఉండిపోయింది. అందులో ఊట సగం మజ్జిగలో పోశాను, గ్రేవీలో చివరన ఒక చెంచా.

వచ్చింది. మొదటిసారికే వచ్చింది. నా చేతికేమీ కాలేదు.

నిలబడే రెండు తిన్నాను. సంతోషం వస్తుందనుకున్నాను. ఎంత చవగ్గా దొరికేదో అది, ఒక్క మాట, అంతే. సంతోషం రాలేదు. మిగిలినవి మిస్ వెస్టాకి ఇచ్చొచ్చాను, పళ్ళెం అడుగున నా పేరు అంటించి. ఆవిడ ఒక ముక్క కొరికి చాలాసేపు నన్నే చూసింది.

"ఎవరు చెప్పారమ్మాయ్?" అంది.

ఎవరూ చెప్పలేదన్నాను.

"నీకు చెప్పే బుద్ధి ఒలీటాకి ఉండాల్సింది" అంది. ఇంకో ముక్క తీసుకుంది. "చివర్లో వచ్చి ఉంటుందనుకున్నా. నేను చూడ్డానికొచ్చినప్పుడల్లా నీ పేరు చెప్పడానికే తంటాలు పడేది పాపం. నెల్, నెల్ అంటూ ఫ్రిజ్ వైపు చూపించేది."

ఇంటికెలా వచ్చానో తెలియదు.

ఆగస్టు 21, ఆదివారం

పొయ్యి. పొయ్యి.

ఆగస్టు 24, బుధవారం

వైలీన్ ఫోను. మనసులో ఏమీ పెట్టుకోకు వదినా, అమ్మ మాట కాదనలేకపోయాను అంది. తర్వాత గొంతు తగ్గించి, వచ్చే జూలైలో ఎన్ని గంపలు పెడుతున్నావని అడిగింది. ఎంత ధైర్యం!

"నువ్వే ఒలుచుకో వైలీన్" అన్నాను.

"నాకు దద్దుర్లొస్తాయిగా."

"తొడుగులు వేసుకో. రక్తంలో ఉందన్నారుగా, చేతికి అదే వస్తుంది" అని పెట్టేశాను. రాసుకుంటుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. ఈ నెలలో నవ్విందిదొక్కటే.

ఆగస్టు 27, శనివారం

ఇవాళ అడిగాను. ఇన్నాళ్ళూ ఎందుకడగలేదంటే, తనకప్పుడు తెలియలేదంటాడని ఆశ. అడగనంతసేపూ అతనికి తెలియనట్టే ఉంటుంది కదా.

రాయిస్ వరండాలో కూర్చుని గాలం తీగ చిక్కులు తీసుకుంటున్నాడు. ఎదురుగా నిలబడ్డాను. "మొన్న చలికాలం అమ్మ ఫ్రిజ్ వైపు చూపించి పొయ్యి అంది. గుర్తుందా?"

"ఊఁ."

"పాలడగలేదు ఆవిడ."

చిక్కు తీస్తూనే ఉన్నాడు.

"నీకు తెలిసిందా అప్పుడు?"

"తెలిసింది" అన్నాడు.

"మరి పాలని ఎందుకన్నావు?"

"ఏమో నెల్డా. నోటికలా వచ్చేసింది. అమ్మకి మతి సరిగ్గా లేదనుకున్నా. మతి ఉంటే తను వేయించిన ఒట్టు తనే తప్పదుగా."

"మతి బాగానే ఉంది. నా చెయ్యి పట్టుకుంది."

తల ఎత్తకుండానే, "అదొక్కటే మా ఇంట్లో మిగిలింది" అన్నాడు. మా ఇంట్లో అట. ఆ ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాను నేను.

ఇరవై ఆరేళ్ళు దాచిందని ఆవిడని నోరారా తిట్టుకున్నాను ఈ రెండు వారాలూ. చివరికి ఇద్దామనుకుంది ఆవిడ. మాట రాని నోటితో, ఒంటి చేత్తో, నాకిద్దామనుకుంది. పాలు ఒళ్ళో ఒలికేలా మొహం తిప్పుకున్నది నా మీద కోపంతో కాదు. కొడుకు వైపు తిరిగింది. ఇప్పుడు తెలుస్తోంది, అటు వైపే కూర్చుని ఉన్నాడు అతను.

ఆ రోజు నేను మరుగుదొడ్లో ఏడుస్తుంటే తలుపు బయట నిలబడి "వయసు మీద పడిందిలే, పట్టించుకోకు" అన్నది ఇతనే.

ఆగస్టు 28, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. సమాధుల దగ్గరికి వెళ్ళాను. ఒక సీసా పళ్ళు పట్టుకెళ్ళి, ఏం చెయ్యాలో తెలియక, కూర్చుని ఒకటి తినొచ్చాను. మీ మీద కోపం పోయిందని చెప్పాను. సగం పోయింది.

సెప్టెంబర్ 3, శనివారం

పొద్దున పళ్ళు అయిపోయి ఊట మిగిలిన సీసాలన్నీ అరలోంచి దించాను. ఊటంతా ఒక పెద్ద కూజాలోకి వంచి నా దగ్గర పెట్టుకున్నాను. సీసాల్ని సబ్బు వేసి, వేడి నీళ్ళతో తళతళలాడేలా కడిగి, తుడిచి, మూతలు పెట్టి, పెట్టెలో సర్ది రాయిస్ బండిలో పెట్టాను. మీ చెల్లెలికి ఇచ్చిరా, కడగకుండా పంపడం మర్యాద కాదు అన్నాను. పెట్టె వైపు చూశాడు. ఒక సీసా తీసి వెలుగుకెత్తి చూసి, మళ్ళీ పెట్టేశాడు.

తర్వాత రెండు మూకుళ్ళు పొయ్యి మీద పెట్టాను. నిన్న ముక్కలు రెండు గిన్నెల్లో వేసి ఉంచాను. ఒకటి ఊట కలిపినది, ఒకటి కలపనిది. రెండూ ఎర్రగా వేగాయి. గ్రేవీ కూడా రెండు రకాలు. ఇల్లంతా లవంగం వాసన. రాయిస్ ఆ వాసనకి తువ్వాలు మెడలో వేసుకుని, పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. రాజీ కుదిరిందనుకున్నాడు పాపం.

నాది పట్టుకుని నేను అత్తగారి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. అతనిది అతని ముందు పెట్టాను.

పెద్ద ముక్క కొరికాడు. నమిలాడు. నమలడం ఆపాడు. నా పళ్ళెం వైపు, మూకుళ్ళ వైపు, మళ్ళీ తన పళ్ళెం వైపు చూశాడు.

"ఇదేంటి నెల్డా, ఇలా ఉంది?"

"నా చెయ్యి అంతే" అన్నాను.

పళ్ళెంలోది మొత్తం తిన్నాడు, నేను చూస్తూ కూర్చున్నాను.